పూతరేకుల పొరలు లెక్కపెట్టిన పెదనాన్న, ఫ్రీలాన్స్ అంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం. మా అమ్మాయి అమలాపురంలో బీకాం ఆఖరి సంవత్సరం. ఈ ఏడాది ఒక వారపత్రికలో తన హాస్య కథలు రెండు పడ్డాయి. ఇక ఎంబీఏ వద్దు, ఇంట్లో కూర్చుని పత్రికలకూ యూట్యూబ్ ఛానెళ్లకూ ఫ్రీలాన్స్‌గా కామెడీ రాసుకుంటానంటోంది. రెండో కథలో పెళ్లిచూపులకొచ్చి పూతరేకుల పొరలు లెక్కపెట్టే పెదనాన్న ఉన్నాడు. అది తన గురించేనని మా అన్నయ్య మా గడప తొక్కడం మానేశారు. ఎంబీఏ, బ్యాంకు పరీక్షలు, ఈ రాతలు, మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. కనీసం కలం పేరైనా పెట్టుకోమనమంటారా?

జవాబు: అయ్యా, పోల్చమన్నారు, పోలుస్తాను. అయితే మీ నాలుగు పేజీల ఉత్తరంలో (పైన కుదించి ఇచ్చాం) డబ్బు గురించి రాసింది ఒక్క పేరా. మిగతాదంతా మీ అన్నయ్యగారూ, చుట్టాలూ, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరేమంటారోననే భయమూ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పాటలు పాడతానన్న పిల్లాడి తండ్రీ, బొమ్మలేస్తానన్న పిల్ల తల్లీ కూడా 'స్కోప్ ఉందా' అనే మొదలుపెడతారు. రెండో పేజీకొచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి ముందు అదే మాట్లాడదాం.

మీరు పంపిన జిరాక్సు చదివాను. ఆ కథలో పెదనాన్న పొర ఒకటి తగ్గిందని నోరు విప్పి అనడు. కళ్లజోడు తీసి, కండువాతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, 'మొదటిది సరిగ్గా కనపడలేదమ్మా' అంటూ ఇంకో పూతరేకు తీసుకుంటాడు. నేను గట్టిగానే నవ్వాను. ఆ తర్వాత ఆయన పిసినారితనం గురించి అమ్మాయి రెండు పేరాలు వివరించింది, అవి అక్కర్లేదు. ఇంకో నాలుగు కథలు రాస్తే ఆ సంగతి తనకే తెలుస్తుంది. కళ్లజోడు తుడుచుకోవడం మాత్రం ఎవరో నేర్పితే వచ్చేది కాదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడగాలి. అన్నయ్యగారికి కోపం వచ్చిందని రాశారు, వదినగారు ఫోన్ చేసి ఏమన్నారో రాశారు, పక్కింటివాళ్ల మాట కూడా రాశారు. మీకు నవ్వొచ్చిందో లేదో ఎక్కడా రాయలేదు! టెన్త్‌లో మార్కులొచ్చినప్పుడు వీధి వీధంతా స్వీట్లు పంచారట. పత్రికలో పేరు పడితే మాత్రం ఆ పత్రిక మడిచి బీరువాలో పెట్టేశారట. పిల్ల చేసిన తప్పేమిటండీ? అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు వస్తే వెళ్లి సర్దుకోవాల్సింది మీరు. దానికి పిల్ల కెరీర్‌ని అడ్డం పెట్టకండి. సంబంధాల మాటంటారా, పూతరేకుల కథ చదివి వెనక్కి పోయే సంబంధం పోతేనే మంచిది.

అమ్మాయికి కూడా ఒక సంగతి చెప్పండి. ఇంటి మనుషుల్ని కథలోకి తెచ్చేటప్పుడు వరస మార్చాలి, ఊరు మార్చాలి, ఇద్దరి అలవాట్లు కలిపి ఒకరికి అంటగట్టాలి. అన్నిటికన్నా తేలిక, ఆ నవ్వేదో తన మీదే వేసుకోవడం.

ఇక డబ్బు. నిలకడలేని ఆదాయమంటే భయమని మీరు రాయడం నాకు కాస్త విచిత్రంగా ఉంది. వెయ్యి కాయల ధర ఈ దింపుకి ఎంతో, వచ్చే దింపుకి ఎంతో తెలియని వ్యాపారంలోనే మీ ఇల్లు నడుస్తోంది కదా. ధర పడిపోతే మీరేం చేస్తారు? కాయ లోపలే ఎండి కురిడీ అయ్యేదాకా అటక మీద వేసి ఆగుతారు. మీ అమ్మాయికి లేనిది ఆ అటక. నెలనెలా వచ్చే జీతం ఏదైనా ఉంటే అది ఆ పని చేస్తుంది. లేకపోతే వచ్చిన ధరకల్లా, అడిగినవాడికల్లా రాసివ్వాల్సి వస్తుంది.

ఒక పేజీ హాస్యానికి పత్రికలిచ్చే పారితోషికం సాధారణంగా వందల్లోనే ఉంటుంది. వెబ్ పత్రికల్లో చాలావరకు ఏమీ ఇవ్వవు. నెలకు నాలుగు పంపితే ఒకటి తీసుకున్నారనుకోండి, దానికి వెయ్యి రూపాయలిచ్చారనుకోండి. ఏడాదికి పన్నెండు వేలు. నేను వేసింది ఉదారమైన లెక్కే. పైగా పంపుకునే చోట్లు తగ్గాయి. 2020లో కరోనా దెబ్బకి పేరున్న వారపత్రికలు కొన్ని అచ్చు ఆపేశాయి.

మన గోదావరి జిల్లాల్లో నవ్వించి పేరు తెచ్చుకున్నవాళ్లని చూడండి. భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో లెక్కల మాస్టారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు ఆంధ్రపత్రికలో ఉద్యోగం చేస్తూ రాశారు. ఉద్యోగం వల్ల జీతమే కాదు, మనుషులు కూడా దొరుకుతారు. బ్యాంకులో బంగారం లోను కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చుంటే దొరికే సరుకు ఇంట్లో నెల రోజులు కూర్చున్నా దొరకదు. ఈ మాట మీ అమ్మాయికి నచ్చుతుందనుకుంటున్నాను.

రాసి పంపడం అనే పని ఎలా ఉంటుందో మీరు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే పిల్ల డల్‌గా కనిపించే రోజులు చాలానే ఉంటాయి. కథతో పాటు 'ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు' అని హామీపత్రం పెడతారు. ఆ తర్వాత ఏ కబురూ ఉండదు. వద్దనుకుంటే వద్దని చెప్పే పత్రికలు తక్కువ. రెండు మూడు నెలలు చూసి, వెనక్కి తీసుకుంటున్నానని ఒక మెయిల్ పెట్టి, ఇంకోచోటికి పంపుకోవాలి. ఆగలేక ఒకేసారి రెండుచోట్లకి పంపితే, ఖర్మకాలి ఇద్దరూ వేస్తే, ఇద్దరి దగ్గరా మాట పోతుంది.

సంక్రాంతి సంచికకి దసరా నాటికే పంపాలి. కొత్తల్లుడు, కోడిపందెం మీదైతే ఎడిటర్ దగ్గర అప్పటికే గుట్ట ఉంటుంది. మీ పక్కనే కనుమ రోజు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది కదా. వెదుళ్లతో కట్టి రంగుబట్టలు చుట్టిన ఆ ఎత్తైన ప్రభని భుజానికెత్తుకుని వరిచేలకడ్డంగా వెళ్లేవాళ్ల వెనక సెల్ఫీ కర్ర పట్టుకుని పరుగెత్తి, ఒక చెప్పు బురదలో వదిలేసుకున్న హైదరాబాద్ చుట్టం గురించి రాయమనండి.

వెటకారం మనవాళ్లకి పుట్టుకతోనే వస్తుందని, కాబట్టి కామెడీ తేలికని తన స్నేహితులు అంటున్నారట. అరుగు మీద కూర్చుని 'ఆయ్, మీరు చెప్పాక తప్పుతుందాండీ' అంటే నలుగురూ పడీపడీ నవ్వుతారు. అదే మాట అచ్చులో చదివితే వినయంగా ఉంటుంది. గొంతులో సాగదీత, ఎదుటివాడి ముఖం మాడిపోవడం కాగితం మీదికి రావు. అవి లేకుండా నవ్వించడం వేరే పని, దానికి ఏళ్లు పడుతుంది.

పత్రికలకి రాయడం నన్నంత కంగారు పెట్టలేదు. యూట్యూబ్ ఛానెళ్లన్నారే, అక్కడ నాకు అనుమానాలున్నాయి. ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ ఇదే మోజు. 'ముందు రెండు స్కిట్లు ఫ్రీగా రాసివ్వు, నచ్చితే చూద్దాం' అంటారు. ఆ రెండూ షూట్ అవుతాయి, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. లక్షల్లో వ్యూస్ వచ్చినా ఆ డబ్బు ఛానెల్‌ది, రాసినవాళ్లకి ముందు మాట్లాడుకున్నదే. చాలాసార్లు పేరు కూడా వేయరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా సొంతంగా రాసినదాని మీద తొలి హక్కు రాసినవాళ్లదే. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద ఉండాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే ఐదేళ్లకని లెక్క. చట్టం ఉంది సరే, రెండు వేల రూపాయల స్కిట్ కోసం కోర్టుకెళ్లేదెవరు? అందుకని స్క్రిప్టు ఎప్పుడూ మెయిల్‌లోనే పంపమనండి, సగం డబ్బు ముందే తీసుకోమనండి. దానికి ఒప్పుకోని ఛానెల్‌కి రాయనక్కర్లేదు.

డబ్బు సక్రమంగా ఇచ్చేవాళ్లతో ఇంకో బాధ. వారానికి మూడు స్కిట్లు కావాలంటారు. అంత వేగంలో పెళ్లాం మీద, లావు మీద, ఒంటి రంగు మీద జోకులు తప్ప ఇంకేం తడతాయి? ఏడాది అలా రాసిన పిల్ల మళ్లీ ఓపిగ్గా కళ్లజోడు తుడిపిస్తుందా అని నా భయం. ముప్పై ఏళ్లొచ్చాక ఈ పని ఎటు తీసుకెళ్తుందో నాకైతే కనపడటం లేదు. వేలకు వేలు కట్టించుకుని 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అనే స్క్రిప్ట్ రైటింగ్ కోర్సుల జోలికి అసలే వెళ్లొద్దు. హాస్య రచయితకి ప్లేస్‌మెంట్ ఏమిటండీ?

ఇక మీరడిగిన పోలిక. ఎంబీఏ సీటుకి రాసే ఐసెట్ తేదీలూ ఫీజులూ పేపర్లోనే దొరుకుతాయి, ఇక్కడ రాయను. మంచి కాలేజీలో వస్తే ఎంబీఏ సరే, సీటు ఖాళీగా ఉంది కదా అని చేరితే రెండేళ్లూ ఫీజూ దండగ. బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగాలు రాష్ట్రాలవారీగా తీసుకుంటారు కాబట్టి తెలుగు నేలమీదే ఉండొచ్చు, నా మొగ్గు అటే. ప్రిపరేషన్ సాగేటప్పుడు వారానికి ఒక పూట రాసుకుంటే మార్కులేమీ తగ్గిపోవు. ఈలోగా మీ కొట్లో లెక్కలు తనకి అప్పగించి నెలకింతని జీతం ఇవ్వండి. బీకాం పిల్ల, కురిడీల్లో గండేరా రకం ఏదో గటగట రకం ఏదో మీకన్నా త్వరగా నేర్చుకుంటుంది. ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు తన ఖాతాలో పోగైన రోజున ఉద్యోగం మానేసి పూర్తిగా రాస్తానంటే, అప్పుడు నేను అడ్డు చెప్పను, మీరూ చెప్పకండి.

కలం పేరు తనకి సరదా అయితే పెట్టుకోమనండి. దాక్కోవడానికైతే పనికిరాదు, పూతరేకులు కనపడగానే మీ అన్నయ్యగారు పట్టేస్తారు. ఏ పేరు పెట్టుకున్నా హామీపత్రంలోనూ బ్యాంకు వివరాల్లోనూ అసలు పేరే రాయాలి. కలం పేరు మీద వచ్చిన చెక్కుని అమలాపురంలో ఏ బ్యాంకూ తీసుకోదు.