‘మాక్సీ’లో పార్టీలో పాడిన అమ్మాయిల బ్యాండ్ ఏది?

నెట్‌ఫ్లిక్స్ సినిమా ‘మాక్సీ’ పార్టీలో విన్న ‘రెబెల్ గర్ల్’ కోసం మీరు పాట పేరుతో వెతుకుతున్నారు, అందుకే వేరే గొంతు వినిపిస్తోంది. అది 1990లలో బికినీ కిల్ అనే అమెరికా పంక్ బ్యాండ్ పాడిన పాట. ‘మాక్సీ’ (2021)లో పాడిన పిల్లలు వేరు.

1. సినిమా చివరికి వెళ్లండి. పేర్లు మొదలవగానే బొమ్మ ఒక మూలకు కుంచించుకుపోయి, మరో సినిమా ప్రకటన వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ చిన్న బొమ్మనే నొక్కండి, మళ్లీ తెర నిండా వస్తుంది.

2. ఆ పేర్లలో వచ్చే పాటల పట్టికలో రాసినవారి పేరు వేరు, పాడినవారి పేరు వేరు. మీకు కావలసింది పాడినవారి పేరు: ది లిండా లిండాస్. లాస్ ఏంజెలిస్ అమ్మాయిలు.

3. ఇక ఆ పేరుతోనే వెతకండి. 2021లో వాళ్లు గ్రంథాలయంలో ఇచ్చిన కచేరీ ముందుగా చూడండి. ‘చైనీయులకు దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు’ అని తరగతిలో ఒక అబ్బాయి తనతో అన్న మాటను బ్యాండ్‌లోని పదేళ్ల డ్రమ్మర్ చెబుతుంది, వెంటనే పాట విరుచుకుపడుతుంది. నాకు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత వాళ్ల ‘గ్రోయింగ్ అప్’ (2022) ఆల్బమ్ మొదటి నుంచి వినండి.