ఇంటి మందే కదా అని...

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా అమ్మాయికి 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతోంది. ఫిట్స్‌కి ఫెనిటోయిన్ 300 మిల్లీగ్రాములు వాడుతోంది, పది నెలలుగా ఒక్కసారి కూడా రాలేదు. పరీక్షలు కదా జ్ఞాపకశక్తికి మంచిదని మా ఆడపడుచు శంఖపుష్పి సిరప్ తెచ్చిస్తే రెండు నెలల నుంచి పూటకి రెండు స్పూన్లు పట్టిస్తున్నాను, మొన్న బాత్రూంలో ఫిట్స్ వచ్చి పడిపోయింది. డాక్టర్ గారు డోసు 400 చేశారు. సిరప్ సంగతి తిడతారేమోనని ఆయనకి చెప్పలేదు, ఇప్పుడు చెప్పకుండానే ఆపేస్తే సరిపోతుందా? మా అత్తగారేమో ఇంగ్లీషు మందులు మానేసి పసరు తాగించమంటున్నారు.

జవాబు: చెప్పకుండా ఆపొద్దమ్మా. చాలామందికి తట్టని సంగతి ఇదే. శంఖపుష్పి, ఫెనిటోయిన్ కలిపి వాడిన ఇద్దరు పేషెంట్లకి అదుపులో ఉన్న ఫిట్స్ మళ్ళీ వచ్చాయని 1992లోనే మనదేశంలోని డాక్టర్లే రాశారు, తర్వాత ఎలుకల మీద చూస్తే ఆ సిరప్ కొన్నాళ్ళు వాడాక రక్తంలో ఫెనిటోయిన్ తగ్గింది. మీ పాప విషయంలో అదే జరిగిందని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, నిద్ర చాలకపోయినా ఒక డోసు మర్చిపోయినా ఫిట్స్ రావచ్చు, పరీక్షల రోజులు కదా, కానీ అనుమానం మాత్రం గట్టిదే.

ఇప్పుడు గుట్టుగా సిరప్ ఆపేశారనుకోండి, దానివల్లే మందు తగ్గి ఉంటే అది మళ్ళీ పైకి లేస్తుంది, ఇటు డోసు కూడా పెరిగింది. ఫెనిటోయిన్‌తో చిక్కేంటంటే డోసు కొంచెం పెంచితే రక్తంలో కొంచెమే పెరిగి ఊరుకోదు, ఒక్కోసారి ఎక్కడికో పోతుంది. మామూలుగా మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. దాటితే తూలుతూ నడవడం, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం. అవి కనిపిస్తే ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

అందుకని రేపే సిరప్ సీసా, మాత్రల స్ట్రిప్ రెండూ సంచిలో వేసుకుని అదే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రక్తంలో ఫెనిటోయిన్ లెవెల్ చూపించమని మీరే అడగండి. తిడితే తిట్టనివ్వండి. (అసలు ఆకులూ కషాయాలూ ఏమైనా వాడుతున్నారా అని మేం అడగం, అది మా తప్పు కూడా.)

ఇక పసరు. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా వరసపెట్టి ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకొస్తుంది, అత్తగారికి ఈ ముక్క నా మాటగానే చెప్పండి. పేరూ ఊరూ లేకుండా పొట్లాల్లో అమ్మే మూర్ఛ పొడుల్లో కొన్నిటిలో ఫినోబార్బిటోన్ లాంటి, ఫిట్స్‌కి వాడే ఇంగ్లీషు మందే కలిపి ఉంటుంది, అది తెలీక ఇంకో డోసు మీద పడుతుంది.

మిరియాల్లోని పైపెరిన్ ఫెనిటోయిన్‌ని రక్తంలో పెంచుతుంది, చారులో వేసే నాలుగు మిరియాలకి భయం లేదు గానీ రోజూ త్రికటు చూర్ణం (శొంఠి, మిరియాలు, పిప్పళ్ళ పొడి) వద్దు. జలుబు చేసిందని కర్పూరం, నీలగిరి తైలం ఆవిరి పట్టకండి, అవి ఫిట్స్‌ని రేపుతాయి.

కొన్నాళ్ళు పాపని బాత్రూం గడియ పెట్టుకోవద్దనండి. ఫ్రెండ్స్‌తో ఆర్కే బీచ్‌కి వెళ్తే ఇసుకలోనే కూర్చోమనండి, నీళ్ళలోకి దిగొద్దు.