థ్రెడ్‌కి స్టాక్ ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: 32 బిట్ లైనక్స్ బోర్డు మీద సీ ప్రోగ్రాములో 400 థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పనులు) పెట్టబోతే, 380 చేరకముందే థ్రెడ్‌ని మొదలుపెట్టే పీథ్రెడ్_క్రియేట్ 'ఈఎగైన్' (వనరులు చాలవు) ఎర్రర్ ఇస్తోంది. ఒక్కో థ్రెడ్ స్టాక్ (దాని లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) 64 కేబీకి తగ్గిస్తే అన్నీ మొదలవుతున్నాయి గానీ సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకితే వచ్చే క్రాష్) వస్తోంది. ఏం చేయాలి సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. మీరేమీ చెప్పకపోతే గ్లిబ్‌సీ (లైనక్స్‌లోని సీ లైబ్రరీ) 'యూలిమిట్ -ఎస్' కమాండ్ చూపే స్టాక్ హద్దునే ఒక్కో థ్రెడ్‌కి కేటాయిస్తుంది. మామూలుగా అది 8 ఎంబీ. 400 థ్రెడ్లకు 3,200 ఎంబీ. 32 బిట్ ప్రోగ్రాముకు దక్కే అడ్రస్ స్థలమే (వాడుకోగల మెమరీ చిరునామాల పరిధి) సాధారణంగా 3 జీబీ, అంటే 3,072 ఎంబీ. కాబట్టి ర్యామ్ పెంచినా లాభం లేదు. ర్యామ్ ఖర్చయ్యేది థ్రెడ్ నిజంగా తాకిన పేజీలకే (మెమరీ ముక్కలకే).

ఇక ఫాల్ట్ సంగతి. థ్రెడ్ ఫంక్షన్‌లో లక్ష బైట్ల లోకల్ అర్రే లాంటిదేదో ఉండే ఉంటుంది. 64 కేబీ అంటే 65,536 బైట్లే కదా! దాన్ని మాలాక్‌కి (స్టాక్ బయట మెమరీ ఇచ్చే ఫంక్షన్) మార్చండి. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం) ఉంటే లోతుకు హద్దు పెట్టండి. తర్వాత 256 కేబీతో మొదలుపెట్టండి. 400 థ్రెడ్లకు 100 ఎంబీ చాలు.

ఈ సైజు చెప్పాలంటే ముందు పీథ్రెడ్_అట్ర్_ఇనిట్, ఆపై పీథ్రెడ్_అట్ర్_సెట్‌స్టాక్‌సైజ్ పిలవండి; ఆ అట్ర్ (థ్రెడ్ సెట్టింగులుండే వేరియబుల్) చిరునామాను పీథ్రెడ్_క్రియేట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. చాలామంది అక్కడ నల్ అలాగే వదిలేస్తారు, మళ్లీ 8 ఎంబీయే వస్తుంది. పీథ్రెడ్_స్టాక్_మిన్ (అనుమతించే కనీస స్టాక్ సైజు) కన్నా తక్కువ ఇస్తే 'ఈఇన్‌వాల్' (చెల్లని విలువ) ఎర్రర్ వస్తుంది. ఈ ఎర్రర్లు ఎర్ర్‌నోలో (సీలో ఎర్రర్ నంబరు మామూలుగా ఉండే వేరియబుల్) కాదు, రిటర్న్ విలువలో ఉంటాయి. ఎర్ర్‌నోని చూసి సందేశం ముద్రించే పెర్రర్‌ని నమ్మకండి, నంబరును సందేశంగా మార్చే స్ట్రెర్రర్‌కి ఆ విలువనే ఇవ్వండి.