పెళ్లి కుదిరిందని ఫిట్స్ మాత్రలు ఆపొద్దు

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. ఇంటర్ చదివేటప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. అంతకు ముందు నుంచే పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసు ఎగిరిపడేది. లెవెటిరాసెటమ్ మాత్రలు రెండు పూటలా వేసుకుంటోంది. మూడేళ్లుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్లకు చెప్పొద్దనీ, పెళ్లి నాటికి మాత్రలు మాన్పించేయమనీ మా అక్కలు అంటున్నారు. చెబితే సంబంధం తప్పిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పుట్టే పిల్లలకూ ఈ జబ్బు వస్తుందా?
– ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. వాటిని ఒక్క పూట కూడా ఆపకండి. మూడేళ్లుగా ఫిట్స్ రాలేదంటే ఆ మాత్రలు పనిచేస్తున్నాయన్నమాట. పొద్దున్నే చేతులు ఉలిక్కిపడటం, టీనేజీలో ఫిట్స్ మొదలవడం అని మీరు రాసినదాన్ని బట్టి, ఇది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే రకం కావచ్చు. ఇది మందులకు బాగా లొంగుతుంది. కానీ మందు మానేస్తే చాలామందిలో మళ్లీ వస్తుంది. నిద్ర తక్కువైతే దీనికి అసలు పడదు. కొన్ని రకాల ఫిట్స్‌లో రెండు మూడేళ్లు బాగున్నాక డాక్టరే నెలల తరబడి కొంచెం కొంచెంగా డోసు తగ్గించి ఆపుతారు. అది పెళ్లి పనుల మధ్య ఇంట్లో తీసుకునే నిర్ణయం కాదు.

కొన్నేళ్ల కిందట ఒక కొత్త పెళ్లికూతుర్ని నా దగ్గరకు తీసుకొచ్చారు. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. నాలుక పక్కన కొరుక్కున్న గాయం. పుట్టింటివాళ్లు మాత్రల్ని పౌడర్ డబ్బాలో దాచి పంపారు. చుట్టాల మధ్య ఆ డబ్బా మూత తీసే వీలు దొరక్క మూడు రోజులు వేసుకోలేదు. ముహూర్తమేమో తెల్లవారుజామున. రెండు రాత్రులు నిద్ర లేదు, పైగా ఉపవాసం. సత్యనారాయణ వ్రతం పీటల మీదే పడిపోయింది. గాలి సోకిందని అత్తింటివాళ్లు తాయెత్తు కట్టించి, మర్నాటికి గానీ ఆసుపత్రికి తీసుకురాలేదు. అంతా తెలిశాక ఆమె భర్త అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ముందే చెప్పి ఉంటే టైముకు మాత్ర నేనే ఇచ్చేవాణ్ణి కదండీ!"

అందుకే అబ్బాయికి చెప్పండి అంటున్నాను. ఇంకా బాగుంటుంది, మీ అమ్మాయినే చెప్పనివ్వండి. నిశ్చితార్థానికి ముందే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు. సంబంధం తప్పిపోవచ్చు, కాదనను. అలా తప్పినప్పుడు తల్లి మనసు ఎంత నలుగుతుందో చూశాను. కానీ పెళ్లయ్యాక తెలిసి, మోసం చేశారంటూ కోర్టు దాకా వెళ్లిన కుటుంబాలనూ చూశాను. ఫిట్స్ ఉన్నవాళ్లు పెళ్లికి పనికిరారని ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలోనే ఉండేది. 1999లో చట్టాన్ని సవరించి ఆ మాట తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటినా పెళ్లిచూపుల్లో ఆ భయం పోలేదు, అదే నా బాధ. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. సరైన మందులు సరిగ్గా వాడితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చు. ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు.

పిల్లల విషయానికొస్తే, ఫిట్స్ ఉన్న తల్లులకు పుట్టేవారిలో 90 శాతానికి పైగా ఆరోగ్యంగానే పుడతారు. జబ్బు బిడ్డకు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే కాస్త ఎక్కువే కానీ, చాలామంది పిల్లలకు రాదు. చూసుకోవాల్సింది ఏ మందు వాడుతున్నారన్నది. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలోని బిడ్డకు హాని చేసే ప్రమాదం ఎక్కువ. మీ అమ్మాయి వాడుతున్న లెవెటిరాసెటమ్ ఆ విషయంలో చాలా మెరుగు. గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరును కలిసి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. కడుపుతో ఉన్నప్పుడు భయపడి మాత్రలు మానేయకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. పాలు కూడా పట్టవచ్చు.

పెళ్లికి వీలైతే పగటి ముహూర్తం పెట్టించుకోండి. పంతులుగారిని అడిగితే ఉంటాయి. ముందు రెండు మూడు రాత్రులు అమ్మాయిని కంటినిండా నిద్రపోనివ్వండి. ఉపవాసం వద్దు. మాత్రల బాధ్యత నమ్మకమైన ఒక్కరికి అప్పగించండి.

అత్తింటివాళ్లకు ఒక్కటి నేర్పండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, గడియారం చూడాలి. నోట్లో చెంచా, నీళ్లు, ఏదీ పెట్టొద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగుతుందంటారు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. సరిగ్గా అప్పుడే చేతిలో తాళాలు ఉంటాయి కాబట్టి పేరు తాళాలకు వస్తుంది. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయాలి.

మాటలు కుదిరాక అబ్బాయినీ అమ్మాయినీ కలిపి మీ న్యూరాలజిస్టు దగ్గరకు పంపండి. పాత ఈఈజీ, ఎమ్మారై రిపోర్టులు తీసుకెళ్లమనండి. అబ్బాయికి ఉన్న సందేహాలన్నీ అక్కడే అడగనివ్వండి, మీరు బయట కూర్చున్నా ఫర్వాలేదు.