చెవికి ఆక్యుపంక్చర్ చేయిస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఆందోళన, కొన్ని నొప్పుల విషయంలో కొందరికి ఉపశమనం దొరుకుతుంది. జబ్బును మాత్రం అది నయం చేయదు. చెవిని తలకిందులుగా ఉన్న గర్భస్థ శిశువుగా ఊహించి, తమ్మెలో తల ఉన్నట్టు, సూదులు ఎక్కడ గుచ్చాలో చూపే పటం గీసింది ఫ్రాన్స్‌లోని లియోన్ వైద్యుడు పాల్ నోజియే, 1950లలో. ఆ పటానికి శరీర నిర్మాణ శాస్త్రంలో గట్టి ఆధారం లేదు. అయితే మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్ళే వేగస్ నాడి శాఖ ఒకటి చెవి దొప్పలో ఉన్న మాట నిజం. పరిశోధకుల ఆసక్తి ఎక్కువగా దానిమీదే. కొకెయిన్ వ్యసనంపై 620 మందితో జరిపి 2002లో ప్రచురించిన అమెరికా పరీక్షలో, చెవిలోనే వేరే చోట్ల గుచ్చిన సూదుల కంటే ఇది మెరుగ్గా పనిచేయలేదు.

చేయించుకుంటే కొత్త సూదులే కావాలని పట్టుబట్టండి. చెవి మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు, అక్కడ చీము పడితే మానడం కష్టం, చెవి ఆకారమే చెడిపోవచ్చు. మధుమేహం ఉన్నవారు ముందుగా తమ డాక్టరును అడగాలి. వాడుతున్న మందులు దయచేసి ఆపకండి.