పెరడు నింపాలని పర్సు ఖాళీ చేసుకోకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఇంటి చుట్టూ అంత ఖాళీ మట్టి కనిపిస్తుంటే నీ చేతులు ఊరుకోవని నాకు తెలుసు, కానీ రేపే నర్సరీకి పరిగెత్తకు, ఒక్క పదిహేను రోజులు ఆగు. కొత్తింట్లో దిగినప్పుడు నేనూ అలాగే ఆత్రపడి, పూలతో కళకళలాడుతున్నవి ఏరి ఏరి ఇరవై మొక్కలు తెచ్చి ఒక్క రోజులో నాటేశాను. మూడు నెలలు తిరిగేసరికి సగం కూడా మిగల్లేదు. ఎండిపోయిన గులాబీని పీకి చూస్తే వేళ్లు కవర్లో ఉన్నప్పటిలాగే గుండ్రంగా ముద్దకట్టి ఉన్నాయి, దాని కిందంతా సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు. ఇల్లు కట్టినప్పటి చెత్తంతా అక్కడే పూడ్చి పైన మట్టి చల్లారన్నమాట.

అందుకని ముందు గడ్డపార పట్టు. కనీసం అడుగు లోతు తవ్వి ఆ పెళ్లలన్నీ ఏరి పారెయ్. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో మొక్క ఇనుమును సరిగ్గా తీసుకోలేదు, లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. చేతిలో ఉన్న కాస్త డబ్బులో సగం బాగా మాగిన పశువుల ఎరువుకు పెట్టు. రాలిన ఆకుల్ని మాత్రం తగలబెట్టకు, ఒక మూల కుప్పేసి అప్పుడప్పుడూ తడుపుతూ ఉండు. ఈ పనుల్లో ఉండగానే ఎండ పొద్దున ఎక్కడ పడుతోందో, మధ్యాహ్నం ఎక్కడుందో గమనించుకో, మొక్కలు తెచ్చాక చూసుకుందాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

ఇక మొక్కలంటావా, చాలావాటికి డబ్బే అక్కర్లేదు. మందారం, నందివర్ధనం, క్రోటన్లు, కాగితం పూలు అన్నీ కొమ్మతో వచ్చేవే. మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా పెన్సిలంత లావు కొమ్మ చూసి జానెడు పొడవున కత్తిరించు. కిందివైపు కణుపుకి సరిగ్గా కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కొయ్యి, అప్పుడు తలకిందులుగా గుచ్చే ప్రమాదం ఉండదు (నవ్వకు, నేను గుచ్చాను). కింది ఆకులన్నీ తీసేసి, పైన రెండాకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరించు, లేదంటే వేళ్లు లేని కొమ్మలోంచి నీరంతా ఆకుల దారిన పోతుంది. ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడలో పెట్టు, మట్టి తడిగా ఉండాలి కానీ నీళ్లు నిలవకూడదు. వారానికే చిగురొచ్చిందని సంబరపడి ఎండలోకి మార్చెయ్యకు, కొమ్మలో దాచుకున్న సత్తువతో వేళ్లు లేకుండానే చిగురేస్తుంది. నెలరోజులైనా ఓపిక పట్టు. రోజూ పీకి వేళ్లొచ్చాయా అని చూడటం అసలు వద్దు, మీ పెదనాన్న అలా చూసి చూసే నాలుగు కొమ్మల్ని చంపారు. పది గుచ్చితే ఆరు బతికినా గొప్పే, కాబట్టి కావలసినదానికన్నా ఎక్కువే గుచ్చుకో.

మల్లెకి ఇంకా సులువు, తీగని నేలమీదికి వంచి, ఒక కణుపుని మట్టితో కప్పి పైన రాయి పెట్టు, వేళ్లొచ్చాక తల్లి నుంచి కోసెయ్. మెట్టతామర, లిల్లీ, కలబంద అయితే దుంపలో పిలకలో విడదీసి నాటుకోవడమే.

మొక్కలు అడగడానికి మొహమాటపడకు. కాకపోతే ఎవరైనా ఒకే మొక్కని తట్టలకొద్దీ ఇస్తున్నారంటే అది వాళ్ల పెరట్లో అడ్డూ అదుపూ లేకుండా అల్లుకుపోతోందని అర్థం, దాన్ని కుండీ దాటనివ్వకు. ఊరికే వచ్చిన మొక్కతో పాటు పిండినల్లి కూడా ఊరికే వస్తుంది, ఆకుల అడుగున తెల్లగా దూదిలా ఏమైనా ఉందేమో చూసి, రెండు వారాలు విడిగా ఉంచాకే మిగతావాటితో కలుపు.

కొనక తప్పనివి పండ్ల మొక్కలు. మామిడి టెంకతో మొలిపిస్తే కాపుకి ఏళ్లు పడుతుంది, పైగా తల్లి చెట్టు రుచి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకని అంటు మొక్కే తీసుకో, అదీ చిన్నది. పెద్దదానికి రేటెక్కువ, కొత్త మట్టికి అలవాటు పడటం ఆలస్యం.

మందారానికీ మందారానికీ మధ్య నాలుగైదు అడుగులు వదిలితే మొదటి ఏడాది బోసిగానే ఉంటుంది, టెన్షన్ పడకు. ఆ సందుల్లో బంతి, సీతమ్మవారి జడ విత్తనాలు చల్లు. బంతి రెండు నెలల్లో పూస్తుంది, ఎండిన పువ్వు ఒక్కటి నలిపితే వచ్చే విత్తనాలే ఒక మడికి సరిపోతాయి. హైబ్రిడ్ రకమైతే మాత్రం వాటి పిల్లలు తల్లిలా ఉండవు, నాటు రకం అడిగి తీసుకో.

నా దగ్గర ఎర్ర ముద్దమందారం కొమ్మలు ఎలాగూ కత్తిరించాలి, నువ్వు తవ్వడం అయ్యాక ఫోన్ చెయ్. వచ్చేటప్పుడు తడిగుడ్డ ఒకటి తెచ్చుకో, చుట్టి ఇస్తాను.

మీ పెద్దమ్మ