పాత సామానుతో కోళ్ల గూడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆరు పెట్టలను పెంచాలనుకుంటున్నాము. గూటికి కొత్త చెక్క కొనకుండా ఇంట్లో మిగిలిపోయిన సామానుతోనే కట్టాలని ఉంది. సరుకులు దించుకున్నాక పారేసిన చెక్క ప్యాలెట్లు నాలుగు, పాత తలుపులు రెండు (ఒకదాని రంగు పెచ్చులుగా ఊడుతోంది, రెండవదానికి రంగు లేదు), అద్దాలున్న కిటికీ ఒకటి, సొరుగులున్న విరిగిన చెక్క బీరువా, కొన్ని ఇనుప రేకులు ఉన్నాయి. వీటిలో ఏవి పనికివస్తాయి, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీరు రాసిన సామాను ఆరు పెట్టల గూటికి చాలుతుంది. అయితే కొలతలకు దిగే ముందు దానిని ఏరవలసి ఉంటుంది, ఎందుకంటే పాత సామానుతో చేసే ఈ పనిలో ఏది పనికివస్తుందో చూడడం కన్నా ఏది పనికిరాదో తెలుసుకోవడమే ముఖ్యం.

ముందుగా ప్యాలెట్లను చూడండి. దేశాల మధ్య సరుకు మోసే ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో ‘హెచ్‌టీ’ అన్న అక్షరాలుంటే చెక్కను లోపలి వరకు 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు వేడిచేసి పురుగులను చంపారని అర్థం. అది నిశ్చింతగా వాడదగినది. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం కాబట్టి దానిని వదిలివేయండి. ముద్ర ఎలా ఉన్నా, నూనె మరకలు పడినదీ, మందుల వాసన వేసేదీ కోళ్ల కాళ్ల కింద ఉండకూడదు.

రంగు పెచ్చులూడుతున్న తలుపును పూర్తిగా పక్కన పెట్టండి. పాతకాలపు రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, కోళ్లు కనిపించిన ప్రతి పెచ్చునూ పొడుచుకు తింటాయి, అలా లోపలికి పోయిన సీసం గుడ్లలోకి కూడా చేరుతుంది. గరుకు కాగితంతో రుద్ది నునుపు చేద్దామనుకుంటే ఆ దుమ్ము మీ ఊపిరితిత్తులలోకి పోతుంది కనుక ఆ ప్రయత్నమూ వద్దు. బీరువాలో రంపపు పొట్టును అతికించి చేసిన పలకలుంటే అవి తడికి ఉబ్బి విచ్చిపోతాయి. వాటిని నేలకూ బయటి గోడలకూ వాడకండి.

ఇక కట్టడం. ప్యాలెట్లలో తరచుగా కనిపించే కొలత 1.2 మీటర్లు, 1 మీటరు. అటువంటివి రెండింటిని పొడుగు అంచులు కలిసేలా పక్కపక్కన బిగిస్తే 2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల నేల సిద్ధమవుతుంది. ఒక్కొక్క పెట్టకు గూటి లోపల 0.3 నుంచి 0.4 చదరపు మీటర్ల చోటు కావాలి. మీ లెక్క సరిగ్గా 0.4 వస్తుంది. మిగిలిన రెండు ప్యాలెట్ల పలకలను ఊడదీసి, కోడి వేలు ఇరుక్కోకుండా నేలలోని సందులన్నీ మూసివేయండి. ఈ నేలను ఇటుకలపైనో రాళ్లపైనో 40 సెంటీమీటర్ల ఎత్తున నిలబెడితే చెమ్మ ఎక్కదు, ఎలుకలు కింద కాపురం పెట్టే వీలూ తగ్గుతుంది.

మంచి తలుపును అడ్డంగా నిలబెడితే వెనుక గోడ అవుతుంది. తలుపు పొడవు సుమారు 2 మీటర్లే ఉంటుంది కాబట్టి దాదాపు కోత లేకుండా సరిపోతుంది. ముందు గోడను వెనుక దానికన్నా 30 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తున కట్టి, ఆ పైభాగమంతా చెక్కతో మూయకుండా జాలీతో వదలండి. దీనివల్ల రేకులకు వాలు వస్తుంది, వెచ్చని చెమ్మగాలీ అమ్మోనియా వాసనా పైనుంచి బయటికి పోతాయి, కోళ్లు పడుకునే చోట మాత్రం నేరుగా గాలి కొట్టదు. రేకులు ముందుకు ఒక జానెడు పొడుచుకు వచ్చేలా వేస్తే వాన జల్లు జాలీ గుండా లోపలికి పడదు. కిటికీ అద్దాలు తీసివేసి, ఆ చట్రానికి జాలీ బిగించి, ఒక పక్క గోడలో అమర్చుకోవచ్చు. రెండవ పక్క గోడ మొత్తం బందుల మీద తెరుచుకోవాలి. ఈ ఒక్క సౌకర్యం లేక, శుభ్రం చేయడానికి చెయ్యి అందక, చూడముచ్చటగా కట్టిన గూళ్లు ఎన్నో మూలన పడ్డాయి.

బీరువా సొరుగులు గుడ్ల పెట్టెలుగా చక్కగా పనికివస్తాయి. 30 సెంటీమీటర్ల చదరం ఉన్న పెట్టె నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు, మీకు రెండు సరిపోతాయి. వాటిని చీకటిగా ఉండే మూలలో తక్కువ ఎత్తున పెట్టి, వాలే కర్రను వాటికన్నా పైన, వెనుక గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో బిగించండి. కర్ర తక్కువ ఎత్తులో ఉంటే కోళ్లు గుడ్ల పెట్టెలలోనే నిద్రపోయి వాటిని పాడుచేస్తాయి. కర్ర 4, 5 సెంటీమీటర్ల మందం ఉండి, అంచులు గుండ్రంగా చెక్కినదై ఉండాలి. ఇనుప గొట్టం, ప్లాస్టిక్ గొట్టం జారతాయి కనుక వద్దు.

కొత్తగా డబ్బు పెట్టవలసినవి జాలీ, గడియలు, స్క్రూలు మాత్రమే. వాటి దగ్గర పొదుపు చేయకండి. ఆరు మూలల కళ్లున్న పల్చని వల కోడిని లోపల ఆపుతుందే తప్ప కుక్కనూ ముంగిసనూ బయట ఆపలేదు. 12 మిల్లీమీటర్ల కళ్లున్న, తీగలు వెల్డింగ్ చేసిన జాలీ తీసుకుని, వాషర్లు వేసి స్క్రూలతో బిగించండి. పగలు తిరగడానికి బయట దడి కూడా కడితే, దాని అడుగున 30 నుంచి 45 సెంటీమీటర్ల వెడల్పు జాలీని బయటివైపు నేల మీద పరిచి రాళ్లు పెట్టండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ జాలీ తగిలి ఆగిపోతుంది. పని ముగిశాక తెగిన తీగముక్కలనూ మేకులనూ అయస్కాంతంతో ఏరివేయండి. మెరిసే ముక్కను కోడి మింగక మానదు, దాని మీది జింకు పూత దానికి విషం.

ప్రశ్న: పాత గూటి చెక్కలు తెచ్చి కొత్త గూడు కట్టాము. కొన్నాళ్లు బాగానే ఉన్న కోళ్లు ఇప్పుడు సాయంత్రం లోపలికి వెళ్లడానికి మొరాయించి, గూటి పైకప్పు మీద కూర్చుంటున్నాయి. కారణమేమిటి?

జవాబు: ముందుగా అనుమానించవలసినది ఎర్రనల్లులను. ఇవి పగలు చెక్క పగుళ్లలో, కర్ర చివర్లు గోడకు తగిలే చోట దాగి, రాత్రి బయటికి వచ్చి నిద్రపోతున్న కోళ్ల రక్తం తాగుతాయి. ఆహారం లేకున్నా కొన్ని నెలలు బతకగలవు కాబట్టి ఖాళీగా పడి ఉన్న పాత గూటి చెక్కలతో పాటు అవి మీ ఇంటికి వచ్చి ఉండవచ్చు. చీకటి పడ్డాక వాలే కర్ర అడుగు భాగాన్ని తెల్లకాగితంతో తుడవండి. ఎర్రటి చారలు పడితే అనుమానం నిజమే. కోళ్లను వేరేచోట ఉంచి, కర్రలు ఊడదీసి, పగుళ్లన్నిటినీ మరిగే నీటితో కడిగి, బాగా ఎండనిచ్చి, సున్నం పూయండి. సున్నం సందులను పూడ్చి వాటికి దాగే చోటు లేకుండా చేస్తుంది. నల్లుల గుడ్లు కొన్ని మిగిలి, వాటి నుంచి కొత్త నల్లులు పుట్టవచ్చు కనుక వారం తరువాత అదే పని మళ్లీ చేయండి. అయినా తగ్గకపోతే పశువైద్యుని సలహాతో మందు వాడాలి. కాగితం మీద ఏమీ కనిపించకపోతే మాత్రం తెల్లవారుజామున గూడు తెరిచి వాసన చూడండి. మీ కళ్లు మండితే అమ్మోనియా పేరుకుంటోందనీ, పైభాగంలో గాలి దారి చాలడం లేదనీ అర్థం.

ప్రశ్న: చెడిపోయిన ఫ్రిజ్ డొల్లను గూడుగా మార్చవచ్చా?

జవాబు: వద్దు. అది గాలి చొరబడకుండా చేసిన పెట్టె. కోళ్లకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటాయి. ఆ ఊపిరి చెమ్మ బయటికి పోయే దారి లేని చోట వాటికి వేడీ తగ్గదు, నేల మీద పరిచిన గడ్డీ పొట్టూ కూడా తడిసి కుళ్లుతాయి. రంధ్రాలు చేస్తే గోడలోని నురుగు బయటపడుతుంది, దానిని అవి ఆత్రంగా పొడుచుకు తింటాయి. దాణా నిల్వకైతే వాడుకోవచ్చు, కాని పిల్లలు లోపల చిక్కుకోకుండా దాని తలుపు ఊడదీసి, డొల్లను వెల్లకిలా పడుకోబెట్టి, పైన ఎత్తితే వచ్చే మూత పెట్టండి.